కేయాస్‌లో వెలుగంతా కలగాపులగం అయితే ఒక్కచోట అంత పెద్ద వేవ్ ఎట్లా లేచిద్ది? (గురువారం సెమినార్, హెల్ప్ చేయండి)

అరండల్‌పేట_అమ్మాయి:

అందరికీ నమస్తే అండి. గుంటూర్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నా, ఫైనలియర్. మా మేడమ్ సెమినార్ టాపిక్కులకి చీటీలు తీయించారు, నా పక్కన కూర్చున్న వాళ్ళకి సోలార్ సెల్స్, నానో పార్టికల్స్ లాంటి ఎక్కడ పడితే అక్కడ దొరికే టాపిక్కులు వచ్చినయ్, నాకేమో "కేయాటిక్ ఆప్టికల్ సిస్టమ్స్‌లో ఎక్స్‌ట్రీమ్ వేవ్స్" (చుట్టూ ఉన్నవాటికంటే మరీ పెద్దగా లేచే అలలు, రోగ్ వేవ్స్ అని కూడా అంటారు) అని తగిలింది, చీటీ పైకి చదివితే క్లాసంతా ఒకటే నవ్వు.

నాలుగు రోజుల్నుంచి చదువుతున్నా. సముద్రం సంగతి అర్థమైంది. 1995 జనవరి 1న నార్త్ సీలో డ్రాప్నర్ అనే ప్లాట్‌ఫామ్ దగ్గర 25.6 మీటర్ల అల వచ్చింది, అప్పుడు చుట్టూ ఉన్న పెద్ద అలలే 12 మీటర్లు అట. అంతకుముందు నావికులు చెప్తే కట్టుకథలు అనుకునేవాళ్ళు, ఇది ఇన్‌స్ట్రుమెంట్‌లో రికార్డయ్యే సరికి నమ్మారు. ఇంతవరకు ఓకే. కానీ వెలుగు దగ్గరికి వచ్చేసరికి బుర్ర పని చేయట్లా. ఒక డబ్బాలో వెలుగుని పంపించి అది గోడలకి కొట్టుకుని కొట్టుకుని అన్ని వైపులకీ కలిసిపోయింది అనుకోండి, అప్పుడు ఎక్కడ చూసినా ఇంచుమించు ఒకటే ఉండాలి కదా, పప్పులో ఉప్పు కలిపాక అన్ని ముద్దలూ ఒకే ఉప్పగా ఉన్నట్టు. మరి ఉన్నట్టుండి ఒక్క చోట సగటుకి 20 రెట్లు 30 రెట్లు ఎట్లా వచ్చిద్ది? ఆ ఎనర్జీ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంకోటి, కేయాస్ అన్నా రాండమ్ అన్నా ఒకటేనా? ఒక రీసెర్చ్ పేపర్లో నాయిస్ (అనుకోకుండా వచ్చే చిన్న చిన్న హెచ్చుతగ్గులు) వల్ల అంటారు, ఇంకో పేపర్లో నాయిస్ అక్కర్లేదు అంటారు.

నాలుగో స్లైడ్‌లో నేను రాసుకున్నది ఇదీ: ఎత్తైన మూడోవంతు అలలు తీసుకుని వాటి సగటుకి 2 రెట్లు దాటితే దాన్ని రోగ్ వేవ్ అంటారు. వెలుగుకి కూడా ఇదే పెట్టేశా. రైటేనా? ఇంగ్లీషులో వివరించొద్దు ప్లీజ్, ఇంగ్లీషులో చదివే ఈ పరిస్థితికి వచ్చా.

స్ప్లైసింగ్_శీను:

చెల్లెమ్మా నేను సైంటిస్టుని కాదు, బెజవాడలో ఫైబర్ స్ప్లైసింగ్ (ఇంటర్నెట్ వచ్చే గాజు వైర్లు అతికించే) పని, 11 ఏళ్ళ సర్వీసు. పటమట నుంచి భవానీపురం దాకా నేను ఎక్కని స్తంభం లేదు. నీ ప్రశ్న చదివితే ఒక విషయం గుర్తొచ్చింది, పనికొచ్చిద్దో లేదో తెలీదు.

మా దగ్గర రెడ్ లేజర్ పెన్ ఉంటది, ఫైబర్ ఎక్కడ విరిగిందో చూడటానికి ఒక చివర గుచ్చితే విరిగిన చోట ఎర్రగా వెలుగుద్ది. రాత్రిపూట పని చేసేటప్పుడు ఆ ఫైబర్ రెండో చివరని ఒక తెల్ల కాగితం మీదకి పట్టుకుంటే మామూలు టార్చి లాగా గుండ్రంగా పడదు, ముక్కలు ముక్కలుగా పడిద్ది, రెండు మూడు మచ్చలు, మధ్యలో నల్లటి గీత. ఇంకా తమాషా ఏందంటే మధ్యలో వైరుని వేలితో కొంచెం వంచితే చాలు, ఇక్కడ కాగితం మీద మచ్చలు జరుగుతయ్, ఒకటి ఆరిపోయి ఇంకోటి భగ్గున వెలుగుద్ది. పెన్ను పవర్ మారలా, నేను వంచింది అరంగుళం కూడా లేదు. ఎప్పుడూ దీని గురించి ఎవర్నీ అడగలా, ఇప్పుడు అడుగుతున్నా, మీరు చెప్పే ఎక్స్‌ట్రీమ్ వేవ్ ఇదేనా? ఇట్లాంటిది నిజంగా లైన్‌లో వస్తే ఇంట్లో పెట్టిన బాక్సు కాలిపోవాలిగా, నేనింతవరకు చూళ్ళా. మా దగ్గర బాక్సు కాలేది ఒక్క పిడుగుకే, అదీ ఫైబర్ గుండా కాదు, కరెంటు గుండా.

రిటైర్డ్_మాస్టారు_బ్రాడీపేట:

అమ్మా, ముందు ఆ పేపర్లన్నీ పక్కన పెట్టు. రేపు పొద్దున కాఫీ స్టీలు గ్లాసులో పోసుకుని, ఏటవాలుగా ఎండ పడే కిటికీలో పెట్టు. కాఫీ మీద రెండు చంద్రవంకలు కలిసి మధ్యలో ముక్కులా పొడుచుకొచ్చిన మెరుపు గీత కనపడుతుంది. గ్లాసు లోపలి గోడకి తగిలిన వెలుగంతా ఆ గీత మీదకి వచ్చి పడుతోంది. ఎవరూ కొత్తగా వెలుగు పొయ్యలేదు. గీత పక్కన చూడు, అక్కడ మసకగా ఉంటుంది. వాళ్ళ దగ్గర చేబదులు తెచ్చి ఇక్కడ ఖర్చు పెట్టినట్టు. దీన్ని కాస్టిక్ అంటారు. నీ ఎనర్జీ ప్రశ్నకి సగం జవాబు ఆ గ్లాసులోనే ఉంది.

నేను ఉద్యోగం చేసే రోజుల్లో బెజవాడ వెళ్ళినప్పుడల్లా ఏలూరు కాలువ గట్టు మీద ఒక టీ బడ్డీ దగ్గర ఆగేవాణ్ణి. మధ్యాహ్నం మూడింటప్పుడు నీళ్ళ మీద పడ్డ ఎండ వంతెన అడుగు భాగం మీద వల అల్లినట్టు కదులుతూ ఉండేది. పది నిమిషాలు చూస్తే ఎక్కడో ఒక ముడి దగ్గర ఒక్క క్షణం కళ్ళు చెదిరేంత మెరుపు వచ్చి పోయేది. మళ్ళీ అదే చోట రాదు. టీ చల్లారిపోయేది అనుకో, అది వేరే సంగతి.

ఇప్పుడు లెక్క. వేల చిన్న అలలు, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియకుండా, తలా ఒక దిక్కు నుంచి వచ్చి ఒక చోట కలిస్తే ఏమవుతుంది? నువ్వు అనుకున్నట్టు అంతా సమానం అయిపోదు. పప్పులో ఉప్పు పోలికే ఇక్కడ తప్పుదారి పట్టిస్తోంది. ఉప్పుకి ఫేజ్ (ఆ క్షణంలో తలెత్తి ఉందా, దించి ఉందా అన్న సంగతి) లేదు, అలకి ఉంది. ఒకచోట అలలన్నీ తలెత్తినప్పుడు కలుస్తాయి, ఇంకోచోట ఒకటి తలెత్తితే ఒకటి తల దించి సున్నా అవుతాయి. కాబట్టి బాగా కలిసిపోయిన వెలుగు అంటే మచ్చలు మచ్చలుగా ఉన్న వెలుగు, నున్నటి వెలుగు కాదు. శీను గారు కాగితం మీద చూసింది అదే పద్ధతి. వారి ఫైబర్ 1310, 1550 నానోమీటర్లకి ఒక్క మోడ్‌తో (వెలుగు లోపల పోయే ఒక్క తీరుతో) నడిచేట్టు చేసింది, అందులోకి 650 నానోమీటర్ల ఎరుపు పంపితే నాలుగైదు మోడ్‌లు దూరతాయి, అవి ఒకదానితో ఒకటి కలిసి ఆ మచ్చలు. వంచితే వాటి మధ్య ఫేజ్ మారుతుంది, మచ్చ జరుగుతుంది. అంతే, అది రోగ్ వేవ్ కాదు శీనూ, కానీ దాని మేనత్త కూతురు.

సముద్రంలో ఇట్లా రాండమ్‌గా కలిసిన అలలకి నీ స్లైడ్‌లో రాసిన 2 రెట్ల హద్దు దాటే అవకాశం e పవర్ మైనస్ 8, అంటే దాదాపు 3,000 అలలకి ఒకటి. పది సెకన్లకో అల అనుకుంటే ఒక్క చోట నిలబడి 8 గంటల పైచిలుకు చూడాలి. మరీ అరుదేమీ కాదు. కానీ అది అల ఎత్తుకి పెట్టిన హద్దు. వెలుగులో నువ్వు కొలిచేది ఇంటెన్సిటీ, అంటే ఎత్తు వర్గం. దానికి ఇదే హద్దు గుడ్డిగా అంటించావంటే ఏమవుతుందో నువ్వే వేసి చూడు. పూర్తిగా రాండమ్ అయిన వెలుగుకి ఇంటెన్సిటీ ఎక్స్‌పోనెన్షియల్‌గా ఉంటుంది, అంటే మెరుపు పెరిగేకొద్దీ అట్లాంటి చుక్కలు గబగబా తగ్గిపోతాయి. పై మూడోవంతు సగటు తీస్తే 1 ప్లస్ నేచురల్ లాగ్ 3, అంటే మొత్తం సగటుకి 2.1 రెట్లు వస్తుంది. దానికి రెట్టింపు 4.2. దాన్ని దాటే చుక్కలు నూటికి ఒకటిన్నర! లేజర్ పాయింటర్ గోడ మీద కొడితే వచ్చే గింజల మచ్చల్లో నూటికి ఒకటిన్నర రోగ్ వేవ్ అని చెప్తే మీ మేడమ్ ఊరుకుంటారా? నాలుగో స్లైడ్ మార్చు.

అదే లెక్కలో సగటుకి 10 రెట్లు దాటడం 22,000కి ఒకటి, 20 రెట్లు దాటడం 48 కోట్లకి ఒకటి. కాబట్టి ఎవరైనా కొన్ని వేల చుక్కలు కొలిచి అందులో 20 రెట్లు, 30 రెట్లు చూశామంటే అప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చోవాలి. అక్కడ అలలు ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా లేవన్నమాట. అసలు ప్రశ్న "పెద్దది ఎట్లా వచ్చింది" కాదు, "రావలసిన దానికంటే ఎక్కువసార్లు ఎందుకు వచ్చింది" అనేది.

అరండల్‌పేట_అమ్మాయి:

మాస్టారూ, 1 ప్లస్ లాగ్ 3 నేను కూడా వేశా, కరెక్టుగా వచ్చింది. స్లైడ్ 4 తీసేశా. (మేనత్త కూతురు దగ్గర నవ్వాగలేదు సార్.) కానీ మరి ఆ "ఎక్కువసార్లు" అనేది ఎందుకు అవుద్ది? కాఫీ గ్లాసులో అయితే గోడ గుండ్రంగా ఉంది కాబట్టి ఒకచోట చేరింది, కేయాస్ డబ్బాలో అట్లా ఏమీ ఉండదుగా?

ల్యాబ్_కిట్టు_బెజవాడ:

మాది కృష్ణలంక, ఇప్పుడు హైదరాబాద్‌లో ఫైబర్ ఆప్టిక్స్ మీద పీహెచ్‌డీ చేస్తున్నా. మాస్టారు పునాది వేసేశారు, నేను పైన అంతస్తు వేస్తా. కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

ముందు కేయాస్ వర్సెస్ రాండమ్. క్యారమ్ బోర్డు తీస్కో. చదరపు బోర్డులో స్ట్రైకర్ కొడితే ఎన్ని రీబౌండ్లయినా ఎటు పోయిద్దో ఆడేవాడికి ఒక లెక్క ఉంటది. అదే బోర్డుకి రెండు పక్కల తీసేసి అర్ధచంద్రాలు పెట్టు, రన్నింగ్ ట్రాక్ లాగా. ఇప్పుడు ఒక వెంట్రుకవాసి తేడాతో రెండుసార్లు కొడితే పది రీబౌండ్ల తర్వాత రెండూ ఎక్కడెక్కడో ఉంటయ్. ఎవరూ పాచికలు వెయ్యలేదు, రూల్ ఒకటే, అయినా ముందే చెప్పలేం. అది కేయాస్. రాండమ్ అంటే తర్వాత ఏమొచ్చిద్దో చెప్పే రూలే లేకపోవడం. ఇప్పుడు స్ట్రైకర్ బదులు వెలుగు పంపు, కేయాటిక్ క్యావిటీ (వెలుగు లోపలే కొట్టుకుంటా తిరిగే డబ్బా) రెడీ. సౌదీలో కౌస్ట్ యూనివర్సిటీ ఫ్రటలోచి టీమ్ వాళ్ళు 2013లో ఇట్లాంటి సొట్ట ఆకారాల్లో మామూలు క్యావిటీ కంటే 6 రెట్లు దాకా ఎక్కువ ఎనర్జీ నిలవ చేయొచ్చని చూపించారు, 2015లో నానో సైజు చిప్పు మీద అట్లాంటి వెలుగు సముద్రంలో ఎక్స్‌ట్రీమ్ వేవ్స్ పట్టుకున్నారు. నీ చీటీ టాపిక్ అక్కణ్ణుంచే వచ్చి ఉంటదని నా డౌటు.

ఇంక "ఎక్కువసార్లు ఎందుకు" అనే దానికి నాకు తెలిసి మూడు దార్లు ఉన్నయ్, జనం ఈ మూడూ కలిపేసి గొడవ పడతారు కాబట్టే నువ్వు చదివిన పేపర్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నయ్.

మొదటిది మాస్టారి కాలువ వంతెన దారి. మీడియం నున్నగా ఉండే చిన్న చిన్న ఎత్తుపల్లాలతో ఉంటే చాలు, ఒక్కో పల్లం ఒక్కో చెత్త లెన్సు. వెలుగు దాని గుండా పోతూ కొమ్మలు కొమ్మలుగా చీలిద్ది, ఆ కొమ్మలు కలిసే చోట భయంకరమైన మెరుపు. దీనికి నాన్‌లీనియర్ (వెలుగే తను పోయే దారిని మార్చడం) ఏమీ అక్కర్లేదు. జర్మనీలో 2010లో రేకు డబ్బాలో లోహపు కోన్లు అడ్డదిడ్డంగా పెట్టి మైక్రోవేవ్స్ పంపిస్తే మాస్టారు చెప్పిన లెక్క కంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు హాట్ స్పాట్లు వచ్చినయ్. 2020లో ఇజ్రాయెల్ టెక్నియన్‌లో అదే కొమ్మల్ని సబ్బు నీటి పొరలో లేజర్‌తో చూపించారు. ఆ ఫొటోలు చూడు, చెట్టు వేర్లు లాగా ఉంటయ్, సెమినార్‌లో అందరూ ఫోన్లు ఎత్తుతారు.

రెండోది ఫైబర్ దారి, నా తిండి ఇదే. గాజులో వెలుగు ఎక్కువ ఉన్న చోట రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (గాజు వెలుగుని ఎంత నెమ్మది చేసిద్దో ఆ అంకె) కొంచెం పెరుగుద్ది, దాన్ని కెర్ ఎఫెక్ట్ అంటారు. పెరిగితే ఆ చోటు పక్కనున్న వెలుగుని ఇంకా లాక్కుంటది. ఉన్నోడికే ఇంకా వడ్డించే బాపతు. నున్నగా పోతున్న వేవ్ మీద ఒక చిన్న నాయిస్ గీత ఉంటే అది పెరిగి పెరిగి కొండ అవుద్ది, ఇది మాడ్యులేషన్ ఇన్‌స్టెబిలిటీ. లోతైన నీళ్ళ మీద అలలకీ ఫైబర్లో వెలుగుకీ ఒకటే ఈక్వేషన్, నాన్‌లీనియర్ ష్రోడింగర్. సముద్రం వాళ్ళు ఓడెక్కి తుఫాను కోసం నెలలు ఎదురు చూడాలి, మేం ఏసీ రూములో కూర్చుని సెకనుకి లక్షల పల్సులు పంపుకుంటాం. 1983లో పెరెగ్రిన్ అనే ఆయన ఈ ఈక్వేషన్‌కి కాగితం మీద ఒక సొల్యూషన్ రాశాడు, ఎక్కడా లేని చోట లేచి ఎత్తులో 3 రెట్లు, ఇంటెన్సిటీలో 9 రెట్లు అయ్యి మళ్ళీ జాడ లేకుండా పోయిద్ది, దాని రెండు పక్కలా వెలుగు సున్నాకి పడిపోద్ది. చేబదులు అన్నారే, అదే. 27 ఏళ్ళు కాగితం మీదే ఉంది. 2010లో ఫైబర్లో చూశారు, 2011లో నీళ్ళ ట్యాంకులో చూశారు. చూశావా, నీళ్ళ అల ముందు గాజులో దొరికింది.

అసలు "ఆప్టికల్ రోగ్ వేవ్" అన్న పేరు పుట్టింది 2007లో, లాస్ ఏంజెలెస్‌లో జలాలీ ల్యాబ్, సొల్లి వాళ్ళ పేపర్, నేచర్‌లో వచ్చింది. సన్నటి ప్రత్యేకమైన ఫైబర్లోకి పల్సులు పంపితే అవి బోలెడు రంగులుగా విచ్చుకుంటయ్. మామూలు స్పెక్ట్రోమీటర్ (రంగులు విడదీసి కొలిచేది) వేల పల్సులు కలిపి సగటు చూపించిద్ది, నున్నటి గీత, అంతా బాగున్నట్టే ఉంటది. వీళ్ళేం చేశారంటే ఎర్ర వైపు చివర మాత్రమే ఫిల్టర్ చేసి, ఆ వెలుగుని బాగా డిస్పర్షన్ (ఒక్కో రంగు ఒక్కో వేగంతో పోవడం) ఉన్న దాని గుండా పంపి ఒక్కో పల్సునీ టైమ్‌లో సాగదీసి, విడివిడిగా ఆసిలోస్కోప్‌లో చూశారు. (శీనన్నా, మీ ఫీల్డులో డిస్పర్షన్ విలన్, ఇక్కడ హీరో.) చూస్తే దాదాపు అన్ని పల్సులూ చడీచప్పుడు లేకుండా పడున్నయ్, ఎప్పుడో ఒకటి మాత్రం సగటుకి 30, 40 రెట్లు లేచింది. పంపిన పల్సులన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నయ్, ఎక్కడో కనపడనంత నాయిస్ సరైన చోట పడితే అది రోగ్ అయింది. ఎర్ర వైపు ఎందుకంటే, పెద్ద సాలిటాన్ (ఆకారం చెదరకుండా పోయే పల్సు) గాజు అణువులకి ఎనర్జీ ఇస్తూ పోతా ఎరుపు వైపు జారుద్ది, ఎంత పెద్దదైతే అంత దూరం జారుద్ది. ఆ జారుడికి కారణం రామన్ స్కాటరింగ్. మన విశాఖలో స్కూలు చదువు చదివిన రామన్ 1928లో కనిపెట్టింది.

మూడోది లేజర్ దారి, నీ "నాయిస్ కావాలా వద్దా" గొడవ ఇక్కడిదే. ఒక సెమీకండక్టర్ లేజర్‌లోకి ఇంకో లేజర్ వెలుగుని పొడిస్తే అది కేయాస్‌లో పడొచ్చు. మూడే మూడు ఈక్వేషన్లు. 2011లో ఒక టీమ్ దాంట్లో అప్పుడప్పుడూ రాక్షసి పల్సులు రావడం చూపించింది, ఈక్వేషన్లో నాయిస్ సున్నా పెట్టినా వస్తయ్. పైగా నాయిస్ కలిపితే కొన్నిసార్లు తగ్గుతయ్, కొన్నిసార్లు పెరుగుతయ్. కాబట్టి ఫైబర్ దార్లో నాయిస్ విత్తనం, లేజర్ దార్లో నాయిస్ అక్కర్లేదు. మేడమ్ అడిగితే ఏ సిస్టమ్ గురించి అడుగుతున్నారు మేడమ్ అని తిరిగి అడుగు, సగం మార్కులు అక్కడే పడతయ్.

శీనన్న ప్రశ్నకి: మీ లైన్‌లో పవర్ రెండు మూడు మిల్లీవాట్లు, కోర్ 9 మైక్రాన్లు. ఈ ప్రయోగాల్లో పల్సు పీక్ వందల వాట్లు, వేల వాట్లు. మిల్లీవాట్లకి గాజు ఉలకదు పలకదు, అందుకే మీ బాక్సు సేఫ్.

సింగ్‌నగర్_వాసి:

మధ్యలో దూరుతున్నా సారీ. 2024 సెప్టెంబర్లో మా ఇంట్లోకి వచ్చిన బుడమేరు వాగు నీళ్ళు కూడా ఇట్లాంటి ఎక్స్‌ట్రీమ్ ఈవెంటేగా? అప్పుడే కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దగ్గర కూడా 11.43 లక్షల క్యూసెక్కులు, ఎప్పుడూ లేనంత అన్నారు. మా ఫ్రిజ్ తేలుకుంటా వీధి చివరకి పోయింది.

ల్యాబ్_కిట్టు_బెజవాడ:

అన్నా, అరుదు అన్నంత వరకు ఒకటే, లోపల సంగతి వేరు. కృష్ణకి పైనుంచి కబురొచ్చిద్ది, సాగర్ గేట్లు ఎత్తారు, పులిచింతల ఎత్తారు, ఇన్ని గంటలకి ఇక్కడికి వచ్చిద్ది అని. మీ బుడమేరుకైనా అంతే, వాన పడింది, నీళ్ళు వచ్చినయ్, బయటి నుంచి నిజంగా ఎక్కువ సరుకు వచ్చింది. రోగ్ వేవ్‌లో బయటి నుంచి ఏమీ రాదు, ఉన్న సరుకే ఒకచోట కుప్ప పడిద్ది, క్షణంలో సర్దుకుపోద్ది. మీది సర్దుకోవడానికి ఎన్ని రోజులు పట్టిందో మా పిన్ని వాళ్ళ ఇల్లు కడగడానికి వచ్చి చూశాగా.

అరండల్‌పేట_అమ్మాయి:

అప్డేట్. నిన్న రాత్రి హాస్టల్లో ప్రయోగం చేశా. ప్రెజెంటేషన్ రిమోట్‌లో ఉండే రెడ్ లేజర్, దాని ముందు రికార్డు ఫైలుకి ఉండే ట్రాన్స్‌పరెంట్ కవరు ముక్క, పాతది, కొంచెం అలలు అలలుగా తిరిగిపోయింది. లైట్లాపి గోడ మీద కొడితే అమ్మో, దగ్గర్లో పట్టుకుంటే మెరుపు తీగలు, వల లాగా, మాస్టారు చెప్పిన వంతెన అడుగు అచ్చం. దూరం పోయేకొద్దీ తీగలు చెదిరిపోయి గింజలు గింజలుగా అయిపోయినయ్. రూమ్‌మేట్ దోమతెర తీసి కూర్చుని మరీ చూసింది.

ఫోన్‌తో రెండు చోట్లా ఫొటో తీసి, మా క్లాసబ్బాయి పైథాన్‌లో హిస్టోగ్రామ్ (ఎంత వెలుగున్న చుక్కలు ఎన్ని ఉన్నయో చూపే గ్రాఫ్) వేసిచ్చాడు, నిలువు గీత లాగ్ స్కేల్. దూరం ఫొటోలో మాస్టారు చెప్పినట్టు వాలు గీత ఇంచుమించు తిన్నగా వచ్చింది (సంతోషంతో గెంతా). దగ్గర ఫొటోలో మాత్రం గీత మొదట్లో పైకి లేచి, 255 దగ్గర గోడకి కొట్టుకున్నట్టు ఒక్కసారిగా ఆగిపోయి అక్కడ ఒక పెద్ద స్తంభం నిలబడింది. సగటుకి 6 రెట్ల తర్వాత ఒక్క చుక్క లేదు. అంటే నా కవరులో రోగ్ వేవ్స్ లేనట్టా?

రిటైర్డ్_మాస్టారు_బ్రాడీపేట:

అట్లా అనలేమమ్మా, ఉంటే ఆ స్తంభంలోనే ఉంటాయి. ఫోన్ కెమెరా గిన్నె 255 దగ్గర నిండిపోయింది, 6 రెట్ల వెలుగు వచ్చినా 30 రెట్లు వచ్చినా 255 అనే రాస్తుంది. నువ్వు వెతికే తోకనే (గ్రాఫ్‌లో మరీ మెరిసే చుక్కలుండే చివరి భాగం) కత్తిరించి ఒక చోట కుప్ప పోసింది. ఎక్స్‌పోజర్ బాగా తగ్గించి లాక్ చెయ్యి, ఫొటో చూస్తే దాదాపు నల్లగా ఉండాలి, అత్యంత వెలుగున్న చుక్క కూడా 200 దాటకూడదు. రెండు దూరాలకీ అదే ఎక్స్‌పోజర్. ఇంకో మాట, లేజర్ ఎవరి కళ్ళలోనూ పడనివ్వకు, అద్దం ఉన్న వైపు కొట్టకు. మీ రూమ్‌మేట్‌ని దోమతెర లోపలే కూర్చోమను.

ల్యాబ్_కిట్టు_బెజవాడ:

మాస్టారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. మామూలు జేపెగ్ ఫొటోలో ఫోను వెలుగుని ఉన్నదున్నట్టు రాయదు, చీకటిని పైకి లేపి వెలుగుని నొక్కేసిద్ది, కంటికి బాగుండాలని. దాని మీద హిస్టోగ్రామ్ వేస్తే ఎక్స్‌పోనెన్షియల్ కూడా వంకర పోయిద్ది, నీకు "ఇంచుమించు తిన్నగా" వచ్చిందంటే కొంచెం అదృష్టం కూడా ఉంది. కెమెరా యాప్‌లో ప్రో మోడ్‌లో RAW ఫార్మాట్ (వెలుగుని ఉన్నదున్నట్టు రాసేది) ఉంటది, అది ఆన్ చేసి తియ్యి, ఎర్ర పిక్సెల్స్ మాత్రమే తీసుకో, హెచ్‌డీఆర్, నైట్ మోడ్ అన్నీ ఆపెయ్. నైట్ మోడ్ అయితే నాలుగైదు ఫొటోలు కలిపి సగటు తీసి చేతిలో పెట్టిద్ది, ఇంక చెప్పక్కర్లేదు. ఒక్క ఫొటోతో తోక నిలబడదు, కవరు కొంచెం కొంచెం జరుపుకుంటా ఒక ముప్ఫై నలభై తియ్యి, అన్నీ కలిపి వెయ్యి.

స్ప్లైసింగ్_శీను:

మా మీటర్ కూడా అంతేనమ్మా, పవర్ ఎక్కువ పెడితే రీడింగ్ కదలకుండా కూర్చుంటది, మధ్యలో అటెన్యుయేటర్ (వెలుగు తగ్గించే ముక్క) బిగిస్తాం. నీకు అది దొరక్కపోతే పాత ఎక్స్‌రే ఫిల్ము లెన్సు ముందు పెట్టు, బాగా నల్లగా ఉన్న చోటు. మా పాప గ్రహణం రోజు దానితోనే సూర్యుణ్ణి చూస్తానని గొడవ చేస్తే లాక్కుని దాచా, ఇంట్లోనే ఉంది. శనివారం గుంటూరు వైపు లైన్ పని ఉంది.

అరండల్‌పేట_అమ్మాయి:

అన్నా సెమినార్ గురువారమే! రేడియాలజీ సెంటర్లో పనిచేసే మా అత్త ఉంది, ఇప్పుడే ఫోన్ చేశా, ఫిల్ము పంపిస్తానంది, ఎందుకే అని మూడుసార్లు అడిగింది. కవరు స్టాండుకి క్లిప్పుతో బిగించా. రాత్రికి నలభై ఫొటోలు తీసి గ్రాఫ్ పెడతా.